సరి పోయాక బేసి

1981 జూన్ 9, మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. పుంగనూరులో మా ఇంటి వెనక వసారాలో, నులక మంచం కింద, సరి పక్కకు ఒరిగి పడి ఉంది. నోటి చుట్టూ నురగ. పొట్ట ఎగిరెగిరి పడుతోంది. చేతుల్లోకి తీసుకుంటే దాని నోటి నుంచి వెల్లుల్లి వాసన వచ్చింది. వంటింట్లో దూరి ఏదో తిన్నదనుకున్నాను. మంచం కింద, దానికి జానెడు దూరంలో, సగం కొరికిన ఎలుక ఉంది. అదీ చూశాను.

ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రాథమిక పాఠశాలలో లెక్కలు చెప్పాను. సమయం, తేదీ, తూకం నోటు పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఆ రోజు పేజీలో ఇప్పటికీ ఉంది: "7.10. నురగ. వెల్లుల్లి వాసన. మంచం కింద సగం ఎలుక." మూడు అంకెలూ వేసి పెట్టుకుని కూడిక చేయలేకపోయిన దద్దమ్మ ఎవరైనా ఉంటే అది నేను. నా దగ్గర చదివిన పిల్లవాడు అలా చేస్తే గోడ కుర్చీ వేయించేదాన్ని.

సరి, బేసి నేను పెంచిన రెండు ముంగిసలు. 1976 ఏప్రిల్ 11న మా తమ్ముడు రెడ్డెప్ప పాత గడ్డివామి తీయిస్తుంటే అడుగున దొరికాయి. తల్లిని అప్పటికే కుక్కలు చంపేశాయి. రెండింట్లో ఆడదాని వెనక కాలి వేలొకటి కుక్క నోట్లో పోయింది. ముంగిసకు కాలికి ఐదు చొప్పున ఇరవై వేళ్లు. మగదానికి ఇరవై ఉన్నాయి కనుక సరి. ఆడదానికి పందొమ్మిదే కనుక బేసి. పిల్లలు చింతగింజలతో ఆడే ఆట పేరు తెచ్చి జంతువులకు పెట్టానని మా మరదలు సరోజ చాలా రోజులు నవ్వింది. నేను పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లోనే వెనక గది, వసారా నావి. ముంగిసలూ అక్కడే.

వాటి సంగతి ఒకటి ముందే చెప్పాలి. ముంగిస గుడ్డును కొరికి పగలగొట్టదు. గోడకో రాయికో వీపు పెట్టి, గుడ్డును ముందు కాళ్లతో పట్టుకుని, వెనక కాళ్ల సందు నుంచి విసురుతుంది. మా ఇంట్లో ఆ పని సరిది. రోలుకు వీపు పెట్టి విసిరితే టప్పుమనేది. బేసి వచ్చి సగం తాగి పక్కకు జరిగేది. మిగతా సగం సరి తాగేది. ఐదేళ్లలో బేసి ఒక్క గుడ్డు పగలగొట్టగా నేను చూడలేదు. దానికి ఆ అవసరం రాలేదు.

ఆ మంగళవారం నా కేక విని రెడ్డెప్ప వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. పాము కరిచిందా అని నేనే అడిగాను. ఆ ప్రశ్న అతనికి దారి చూపించింది.

"పామే అయ్యుంటాదిలే అక్కా. ముంగికి విషం ఎక్కదు గదా. చేని గట్టు మింద ఇడిసిపెట్టు. అదే ఆకు ఎతుక్కుని తిని లేచొస్తాది."

ఈ మాట మా వైపు తెలియని వాళ్లు లేరు. పాముతో పోట్లాడిన ముంగిస పరుగున పోయి ఏదో ఆకు నములుతుంది, విషం విరుగుతుంది, ఆ ఆకు మాత్రం మనిషి కంటికి కనబడదు. మా నాన్న నాకు చెప్పాడు. నేను మూడో తరగతి పిల్లలకు ఏటా చెప్పాను. ఏ ఆకు, ఎవరు చూశారు అని ఒక్క ఏడాదీ నన్ను నేను అడగలేదు. ఏడూ ఇరవై అయిదుకు సరిని బుట్టలో పెట్టుకుని ఇంటి వెనక చేని గట్టుకు తీసుకుపోయి నేలమీద వదిలాను. వెనక రాకుండా సరోజ బేసిని బోనులో పెట్టి గడియ వేసింది.

సరి పదకొండు అడుగులు వేసి పడుకుంది. ముక్కు గడ్డిలో ఆనించింది. "వాసన పడతాండాది, ఉండక్కా" అన్నాడు రెడ్డెప్ప. ఉన్నాను. ఇద్దరం చేతులు కట్టుకుని నిలబడి, చస్తున్న జీవం ఆకు వెతుక్కుంటుందని ఎదురుచూశాం. ఏడూ యాభైకి పొట్ట ఎగరడం ఆగింది.

పాము కరిచినదాన్ని ఇంట్లోకి తేకూడదని రెడ్డెప్ప తన భుజం మీది తువ్వాలులో చుట్టి తీసుకుపోయాడు. ఎక్కడికని నేను అడగలేదు. నేను ఇంటికి వచ్చి ఫినాయిలు నీళ్లతో వసారా, మంచం, బోను అన్నీ కడిగాను. సరి గిన్నె తోమి అటక మీద బోర్లించాను. శుభ్రం చేస్తున్నాననుకున్నాను. ఆ మధ్యాహ్నానికి ఇంట్లో సరి వాసన ఎక్కడా మిగలలేదు. నా రెండో తప్పు అది.

జూన్ 9 నుంచి 15 వరకు మొదటి వారం. బోను తీయగానే బేసి మంచం కిందికి పోయింది. అక్కడి నుంచి రోలు దగ్గరికి, రోలు నుంచి బుట్టలోకి, బుట్ట నుంచి మళ్లీ మంచం కిందికి. మధ్యలో ఆగి గొంతులో కుర్రుమని చిన్నగా పిలిచేది. సరిని పిలిచే పిలుపు అది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఇలా ఎన్ని చుట్లు తిరిగిందో ఒక రోజు గీతలు పెట్టాను. నూట పద్నాలుగు. మర్నాడు గీతలు పెట్టలేదు. నా వల్ల కాలేదు.

మొదటి రోజు చిన్న మాంసం ముక్క తిన్నది. రెండో రోజు నీళ్లు తాగింది. మూడో రోజు నుంచి తిండి మానింది, నీళ్లు గుక్కెడుకు మించి ముట్టేది కాదు. నేను గుడ్డు పగలగొట్టి గిన్నెలో పోసి పెట్టేదాన్ని. గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, తల ఎత్తి రోలు వైపు చూసి వెళ్లిపోయేది. ప్రతి ఆదివారం తక్కెడలో సంచితో పాటు వేసి తూచడం వాడుక. జూన్ 7న బేసి 1,120 గ్రాములు. ఇప్పుడు రోజూ తూచాను. 15వ తేదీకి 970.

ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ వైద్యులే. ఇంకో ముంగిసను తెచ్చి జత కలపమన్నారొకరు. తాయెత్తు కట్టమన్నారొకరు. మనుషులకే దిక్కు లేని రోజుల్లో ముంగిసకు ఇంత సేవేమిటని ఒకావిడ నా వసారాలో, నా కాఫీ తాగుతూ అన్నది. సరోజ మాత్రం, "జంతువులకేం తెలుస్తాది వదినా, రెండు దినాల్లో మరిచిపోతాది" అన్నది. ఆమె ఓదార్పుగానే అన్నది. నాకు ఒళ్లు మండింది. మరిచిపోయేదైతే ఆ నూట పద్నాలుగు చుట్లు ఎవరి కోసం?

జూన్ 16న మా ఊళ్లో పశువులకు సూదులు వేసే ఒకాయన ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద గంటా యాభై నిమిషాలు కూర్చున్నాను. నా ముందు ఎనుము ఒకటి, దూడలు రెండు. నా వంతు వచ్చింది. బుట్ట మూత తీసి చూశాడు. పేర్లు అడిగాడు. చెప్పాను. చెప్పడం బుద్ధితక్కువ.

"సరి పాయ, బేసి మిగిలె. లెక్క సరిపాయ గదా టీచరమ్మా" అని నవ్వాడు. అరుగు మీది వాళ్లందరూ నవ్వారు.

నా చేతిలో బెత్తం లేకపోవడం ఆయన అదృష్టం. కోళ్లకు పోసే టానిక్కు ఒకటి ఇచ్చాడు. అది బేసి గొంతులో పోస్తే కడుపులో ఉన్న కాసిన్ని నీళ్లు కూడా కక్కింది. సీసాను మూత బిగించి దిబ్బ మీద పారేశాను. ఆ నవ్వు మాత్రం ఈ రోజుకీ నా దగ్గరే ఉంది.

జూన్ 22, సోమవారం, మదనపల్లె. బేసి 840 గ్రాములు. ఉద్యోగం నుంచి దిగిపోయిన పశువుల డాక్టరు ఒకాయన అక్కడ ఇంటి వద్దే చూస్తారని తెలిసి పొద్దున బస్సుకు పోయాను. బుట్ట మీద తడిగుడ్డ కప్పాను. కోడి అనుకుని కండక్టరు పట్టించుకోలేదు.

ఆ డాక్టరు ఇంటి వరండాలో రెండు బల్లలు. నా పక్కన తంబళ్లపల్లె వైపు నుంచి వచ్చిన ఒకామె కాలు విరిగిన మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేరు అడిగి ఉండాల్సింది. బుట్టలోకి తొంగి చూసి ముంగిస అని తెలిసి కూడా వెనక్కి జరగలేదు. ఎన్ని రోజులైంది తిని అని అడిగింది. నేను చెప్పాక తన కొంగు చివర చెంబులో ముంచి బేసి పెదవుల దగ్గర పిండింది. నాలుగు చుక్కలు. బేసి నాలుక బయటికి వచ్చింది. "ఎండిపోయుండాదమ్మా బిడ్డ. నువ్వు ముందు పో" అని తన వంతు నాకిచ్చింది. మేకపిల్ల నొప్పికి అరుస్తూనే ఉంది. అయినా ఇచ్చింది. పదమూడు రోజుల్లో నా ముందు ఎవరైనా నవ్వకుండా, సలహా చెప్పకుండా చేసిన మొదటి పని అది.

డాక్టరు పెద్దాయన. చెవులు, చిగుళ్లు, పొట్ట చూశారు. రెండోది ఎలా పోయిందని అడిగారు. పాము కరిచిందన్నాను.

"కాటు చూశారా?"

"లేదు."

"నోటి వాసన?"

"వెల్లుల్లి వాసన వచ్చింది."

ఆయన బేసిని బుట్టలో పెట్టి చేతులు కడుక్కున్నారు. "పాము కాదమ్మా. ఎలుకల మందు. ఆ మందు వాసన అదే. మందు తిన్న ఎలుకను ఇది తిని ఉంటుంది."

మా ఇంట్లో ఎవరూ ఎలుకల మందు పెట్టలేదన్నాను. "పెట్టారు. మీకు చెప్పలేదు" అన్నారు. గొంతు పెంచలేదు. నా నోటు పుస్తకం నా సంచిలోనే ఉంది. సగం ఎలుక. వెల్లుల్లి. నురగ. ఆ కూడిక అప్పుడు జరిగింది, మదనపల్లెలో, పదమూడు రోజులు ఆలస్యంగా.

వెంటనే తెచ్చి ఉంటే అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"అరగంటలోపైతే కడుపు కడిగి చూసేవాళ్లం. బతికేదని చెప్పను. చూసేవాళ్లం."

బేసికి ఊపిరితిత్తుల్లో, పొట్టలో జబ్బేమీ కనబడలేదు. తిండి మానడమే ఇప్పుడు జబ్బనీ, ఇలాగే పోతే మూడు వారాలకు మించి నిలవదనీ చెప్పారు. మేకపాలలో గుడ్డు పచ్చసొన కలిపి పెన్నుకు సిరా పోసే ఫిల్లరుతో రోజుకు ఆరుసార్లు పట్టమన్నారు. చివర్లో ఒక మాట అన్నారు. "మందు వరకే నాకు తెలుసు. వీటిని సాకిన మనిషి కుప్పంలో ఒకామె ఉంది, మునెమ్మ అని. బస్టాండు దగ్గర పూలు కడుతుంది. నాకు తెలియనిది ఆమెకు తెలిసి ఉండొచ్చు." తెలియదు అని చెప్పిన వైద్యుణ్ణి నేను అప్పుడే చూశాను.

సాయంత్రం ఆరూ ఇరవైకి ఇల్లు చేరాను. రెడ్డెప్ప ముందు వసారాలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నాడు. నేను చెప్పులు విడవలేదు.

"ఇత్తనాల గదిలో ఎలకల మందు పెట్టినావా?"

కాయలు ఒలుస్తూనే ఉన్నాడు. లోపలి నుంచి సరోజ తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెకూ తెలుసని అప్పుడు తెలిసింది.

"ఆదివారం పెట్టినా" అన్నాడు.

"మంగళవారం పొద్దున దాని నోట్లో నురగ సూసినప్పుడు నీకు తెలుసు."

"అనుమానం ఉండె."

"మరి యాల సెప్పలే?"

"సెప్తే నువ్వు నా మొగం సూడవని."

"నీ మొగం కోసరం నలభై నిమిషాలు దాన్ని సావనిచ్చినావా? ఆకు ఎతుక్కుంటాదని కత సెప్పి, నా పక్కనే చేతులు కట్టుకోని నిలబడినావా?"

కాయలు ఒలిచే చేయి ఆగిపోయింది. ఆ రోజు నుంచి పన్నెండు రోజులు నేను అతనితో మాట్లాడలేదు. "మీ ఆయనకు చెప్పు" అని సరోజ ద్వారానే ఇంటి పనులు నడిచాయి. ఆమెకూ నా మీద కోపం. ఒక ముంగిస కోసం తోడబుట్టినవాణ్ణి దోషిని చేస్తానా అని పొరుగింట్లో అన్నదట. చేస్తాను. తప్పు చేసినవాణ్ణి దోషి అనక ఏమంటారు?

అతన్ని తిట్టినన్ని సార్లూ నన్నూ తిట్టుకున్నాను. ముంగిసలు విత్తనాల గదిలోకి పోతే మూటలు పాడవుతాయని ఆ తలుపు మూయించింది నేనే. అందుకే ఎలుకలన్నీ ఆ గదిలో చేరాయి. మా ఇంటికి పన్నెండు నిమిషాల నడకలో ఆ సూదులాయన ఇల్లు ఉంది. ఆ పొద్దున సరిని తీసుకుపోతే ఆయన కడుపు కడిగేవాడో, నవ్వేవాడో నాకు తెలియదు. నవ్వించుకోవడానికి కూడా నేను పోలేదు. ఆకు కోసం నిలబడ్డాను.

జూన్ 23 నుంచి జూలై 2 దాకా ఫిల్లరు రోజులు. రోజుకు ఆరుసార్లు, సారికి రెండు ఫిల్లర్లు. సగం మింగేది, సగం నా చీర మీద ఊసేది. తోక చివర కొరుక్కోవడం మొదలుపెట్టింది. గుడ్డ చుడితే గుడ్డ పీకి కొరికేది. మధ్యాహ్నం రెండు గంటల సారికి ఒక్కదాన్నే పట్టలేకపోయేదాన్ని. జూన్ 26న సరోజ పిలవకుండానే వచ్చి, పాత గుడ్డతో బేసి కాళ్లు పట్టుకుంది. నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పట్టడం అయ్యాక చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. మర్నాడు రెండింటికి మళ్లీ వచ్చింది. మేకపాలు రోజూ వేరుగా పితికి మూత పెట్టి ఉంచేది. కోపం పోకపోయినా పాలు ఆగలేదు.

జూలై 2న 650 గ్రాములు.

జూలై 3, శుక్రవారం. తొలి బస్సుకు బయలుదేరి, పలమనేరులో మారి, కుప్పం చేరాను. మునెమ్మ కోసం ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. అరవై ఏళ్లుంటాయి. గోనెపట్టా మీద కూర్చుని కనకాంబరాలు కడుతోంది. బుట్ట తెరవగానే, "కీరిపిల్ల" అన్నది.

పిల్ల కాదు, ఐదేళ్లు దాటిందన్నాను.

"మా పక్క ఎంత ముసలిదైనా పిల్లనే అంటామమ్మా. అరవం మాట. సచ్చేదాకా పిల్లే అది" అన్నది. బేసి చెవి వెనక గోటితో రాసింది. తోక చూసి, దారం పక్కన పెట్టి అడిగింది. "జోడు పోయినప్పుడు దీనికి కడసూపు సూపిచ్చినారా?"

నాకు కోపం తన్నుకొచ్చింది. ఒక నమ్మకం ఒకదాన్ని చంపింది, ఇంకో నమ్మకం నెత్తిన పెట్టుకోవడానికి మూడు గంటలు బస్సులో రాలేదని అన్నాను. ఆకు సంగతి, గట్టు సంగతి అంతా అక్కడే, నలుగురు వింటుండగా, గొంతెత్తి చెప్పాను. మునెమ్మ మధ్యలో అడ్డు రాలేదు. రెండు మూరల పూలు కట్టింది. నేను ఆగాక నెమ్మదిగా చెప్పింది.

"ఆ ఆకు మాట మా నాయన సెప్పేదమ్మా. సంతల్లో పామును, కీరిని ఆడిచ్చేటోడు. ఆట అయిపోయినాక జనానికి ఏరు అమ్మల్ల గదా. కీరి నమిలే ఏరు ఇదేనని అమ్మేటోడు. నేనే తవ్వకొస్తాంటి. యాడ దొరికితే ఆడ, ఏది దొరికితే అది."

నేను పక్కనున్న బస్టాండు బల్ల మీద కూర్చుండిపోయాను. మా నాన్న నాకు చెప్పిన మాట, నేను ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు చెప్పిన మాట, సంతలో వేర్లు అమ్ముకునే మాట.

"అది అమ్మే మాట. ఇది అమ్మేది గాదు" అని మునెమ్మ మళ్లీ దారం అందుకుంది. "జోడులో ఒకటి పోతే రెండోదాని ముందర పెట్టి ఇడిసేస్తాము. వాసన సూస్తాది, సుట్టూ తిరుగుతాది, పక్కనే పండుకుంటాది. అయినాక తనంతట తానే లేసి పోతాది. సూడకపోతే ఇంగా వస్తాదనే ఉంటాది. మనుసులమూ అంతే గదమ్మా."

ఇరవై నాలుగు రోజులైందన్నాను. పూడ్చిన చోటు చూపించమన్నది. ఇంట్లో దాని వాసన ఏదైనా మిగిలిందా అని అడిగింది. ఫినాయిలు సంగతి చెప్పాను. నా వైపు చూసింది. ఆ చూపే నాకు తగిలింది. గుడ్డు ఎలా ఇస్తున్నానని అడిగింది. పగలగొట్టి పోస్తున్నానన్నాను.

"మొగదాని పని నువ్వు సేస్తాంటే అది యాల సేస్తాది? ముట్టొద్దు. గుడ్డు గుడ్డుగా పెట్టు."

తోకకు వేపనూనె రాసి, అరటాకు ముక్కలో నూనెలో తడిపిన దూది ముద్ద కట్టి ఇచ్చింది.

జూలై 4, శనివారం. ఉదయం ఎనిమిది గంటలకు ముందు వసారాలోకి పోయాను. "యాడ పెట్టినావు?" అన్నాను. పన్నెండు రోజుల తర్వాత అతనితో నా మొదటి మాట. రెడ్డెప్ప పార అందుకుని ముందు నడిచాడు.

పై చేని గట్టున, కానగ చెట్టు దగ్గర. కుక్కలు తవ్వకుండా మూడు రాళ్లు పెట్టి, మీద కంప వేసి ఉంచాడు. కంప తీస్తుంటే అతని చేతికి ముళ్లు గీసుకుని రక్తం వచ్చింది. చూసీ చూడనట్టు ఉన్నాను. మోచేతి లోతున తువ్వాలు అంచు కనబడింది. చాలు, ఆపమన్నాను. బేసిని బుట్టలోంచి దించి, మెడ తాడు కూడా తీసేశాను. చేలల్లోకి పారిపోతే పోతుందని తెలుసు. అది పోతే పోనీ అనేంత ధైర్యం నాకు లేదు. అయినా తీశాను. సమయం 8.40.

బేసి గుంట చుట్టూ తిరిగింది. గుంటలోకి దిగి తువ్వాలు అంచు పళ్లతో పట్టి లాగింది. వదిలింది. కుర్రుమని పిలిచింది. ఆగి, మళ్లీ ముక్కు ఆనించింది. ఆ తర్వాత మట్టి మీద పొట్ట ఆనించి పడుకుంది. గంటా పది నిమిషాలు.

ఆ గంటా పది నిమిషాలూ రెడ్డెప్ప, నేను గట్టు మీద కూర్చున్నాం. మధ్యలో ఆరడుగుల దూరం.

"తప్పు సేసినానక్కా" అన్నాడు.

"అవును" అన్నాను.

అంతకు మించి నా దగ్గర లేదు. సర్లే అనే మాట నోటి దాకా రాలేదు, రప్పించలేదు కూడా.

9.50కి బేసి లేచింది. ఒళ్లు దులుపుకుంది. ఎవరూ పిలవకుండా నడిచి వచ్చి బుట్టలో కూర్చుంది. రెడ్డెప్ప మట్టి కప్పాడు.

ఆ రోజే తిన్నదని రాస్తే కథ బాగుంటుంది. తినలేదు. జూలై 6న తూకం 610, అన్నిటికంటే తక్కువ. కానీ 5వ తేదీ నుంచి మంచం కింద వెతకడం మానింది. తోక కొరకడం 9న మానింది. ఫిల్లరు పట్టుకుంటే 11 నుంచి తనే నోరు తెరిచింది. ఇవన్నీ ఆ గట్టు వల్లనా, వేపనూనె వల్లనా, మేకపాల వల్లనా నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు చెప్పే పని నేను ఒకసారి చేశాను. మళ్లీ చేయను.

జూలై 5 నుంచి రోజూ పొద్దున రోలు పక్కన ఒక గుడ్డు పెట్టి సాయంత్రం తీసేదాన్ని. పదిహేడు గుడ్లు పెట్టాను, పదిహేడూ తీశాను. జూలై 22, బుధవారం, సాయంత్రం 4.35. గదిలో చీర మడత పెడుతున్నాను. వసారాలో గుడ్డు దొర్లిన చప్పుడైంది. తలుపు సందు నుంచి చూశాను. బేసి గోడ వైపు వీపు పెట్టి విసిరింది. గుడ్డు గోనెసంచి మీద పడి పగలలేదు. వెంట పోయి తెచ్చుకుంది. ఈసారి రోలు దగ్గరికి వచ్చింది. సరి నిలబడే చోట నిలబడి, రోలుకు వీపు పెట్టి, విసిరింది.

టప్పుమంది.

సగం తాగింది. పక్కకు జరిగి నిలబడింది. మూడు నిమిషాలు నిలబడింది. ఎవరూ రాలేదు. తిరిగి వచ్చి మిగతా సగం కూడా తాగింది.

వెనక ఏదో కదిలితే చూశాను. సరోజ చేతిలో పాల గిన్నెతో నిలబడి ఏడుస్తోంది.

ఇది రాస్తున్నది 1986 ఫిబ్రవరిలో. బేసికి పదేళ్లు నిండబోతున్నాయి. పళ్లు అరిగాయి. గుడ్డు మాత్రం తనే పగలగొట్టుకుంటుంది. రాయడానికి కారణం ఒకటే. జంతువును సాకేవాళ్లు ఎవరైనా చదివితే, దానికే తెలుస్తుంది, దాని మందు అదే వెతుక్కుంటుంది అని ఎవరు చెప్పినా నమ్మవద్దు. దానికి తెలియదు. అది మీ ఇంట్లో, మీరు పెట్టింది తిని, మీరు దాచిన మందుకు బలవుతుంది. మందు పెట్టినవాళ్లు నోరు విప్పండి. ముఖం తర్వాత చూసుకోవచ్చు. జోడు పోతే రెండోదానికి చూపించండి, కడిగేయకండి. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి, కానీ ముందు పరుగెత్తండి.

పోయినవి.

ముంగిస ఒకటి, మగది. మా ఇంట్లో ఉన్నది ఐదేళ్ల ఒక నెల ఇరవై తొమ్మిది రోజులు.

బేసి ఒంట్లో 510 గ్రాములు. అందులో తిరిగి వచ్చింది 390.

తోక చివర ఒకటిన్నర అంగుళం.

తమ్ముడితో మాట లేని రోజులు పన్నెండు. ఆ తర్వాత మాటలు ఉన్నాయి. చూసుకుని మాట్లాడతాం.

ఏడూ పది నుంచి ఏడూ యాభై దాకా, నలభై నిమిషాలు.